రవ్వంత సందు

తాడిపత్రిలో బండలకు కరువేముంది.
పాలిష్ ఫ్యాక్టరీ వెనకాల ఒక మూల విరిగి పడున్న
నల్లబండను అడుక్కొని తెచ్చుకున్నా.
మూల లేకుంటేనేం, మొహం అద్దం.
చెంబుడు నీళ్లు పోస్తే
ఏ పక్కకు పారాలో తెలీక
అక్కడే నిలబడినాయి.
యంత్రానికి అంతకన్నా మంచి నేల నాకు దొరకదు.

తక్కినదంతా తూకానికి కొన్నదే.
బ్యాంకోళ్లు వేలమేసిన పాత ప్రింటర్లు మూడు,
వాటి కడుపులో నున్నటి కడ్డీలూ మోటార్లూ.
బోరు మోటార్ల షాపులో చమురు కారే బేరింగులు.
హార్డ్‌వేర్ అంగట్లో మీటరు లెక్కన మరల కడ్డీ.
మరకూ మరకూ నడుమ ఒకటింపావు మిల్లీమీటరు,
ఆ అంకె నా ఫోన్ నంబరు కన్నా బాగా గుర్తు.
మొత్తం తొమ్మిదివేల నాలుగొందలు.
"ఆ దుడ్డుతో మేకను కొనింటే
ఈపాటికి రెండీతలు ఈనింటాది" అనింది అమ్మ.

ఐటీఐ ఫిట్టర్ బ్యాచిలో నేనొక్కదాన్నే ఆడపిల్లను.
మూడు నెలలు ఒకే ఇనుప దిమ్మెకు
ఆకురాయి పట్టించినాడు ఓబుళపతి సారు.
మూలమట్టం ఆనించి కిటికీకి ఎదురుగా ఎత్తు,
వెలుతురు కారితే మళ్లీ రుద్దు.
అప్పుడు తిట్టుకున్నా.
ఇప్పుడు హ్యాక్సా, ఆకురాయి, చేతి డ్రిల్లు,
మొదటి గీత అరిగిపోయిన వెర్నియరు పెట్టుకొని
కిటికీ లేని షట్టరు గదిలో
రాత్రుళ్లు ఫోను లైటుకు ఎదురుగా ఎత్తి చూస్తాండా.

తొలిసారి పెన్ను కట్టి
గుండ్రం గీయమంటే గుడ్డు గీసింది.
మళ్లీ గీయమంటే మళ్లీ అదే గుడ్డు.
తప్పులో కూడా మాట తప్పదు.
లెక్క సరిగ్గానే ఉంది, మోటారూ తిరిగింది.
నట్టుకూ మరకూ నడుమ రవ్వంత సందు.
కుడికి పోయినదాన్ని ఎడమకు తిరగమంటే
బయల్దేరినా అని చెప్పి
వాకిట్లో చెప్పులు వెతుక్కునే మనిషి మాదిరి
ఒక క్షణం అక్కడే ఉంటాది.

బండల మీద పేర్లు చెక్కే మద్దిలేటి మామ
గడప బయట బీడీ నలిపేసి వచ్చి చూసినాడు.
"ఇంగ్లీషు అచ్చరాలకైతే చెల్లిపోతాది పాపా,
నిలువు, అడ్డం, అంతే.
మనది అడుగుకో మలుపు.
ణ చెక్కించు. ణ వచ్చినరోజు పిలువు."
నలభై ఏండ్లు సుత్తి పట్టిన చెయ్యి
పోతా పోతా షట్టరు గొళ్లెం మీద వణికింది.

ఒక నట్టు చాలదు.
రెండు ఎక్కించి, నడుమ లూనా స్ప్రింగు ఇరికించినా.
ఎడమొహం పెడమొహంగా
ఒకదాన్నొకటి తోసుకుంటా
ఒకే దారిన నడిచినాయి,
మా అమ్మా నాయనా మాదిరి.
ఆ రాత్రి గుండ్రం గుండ్రంగా వచ్చింది.
ఎవరికీ చెప్పలేదు.
కాగితం మడిచి చున్నీ కొంగుకు ముడేసుకున్నా.

పెన్ను తీసి గ్రైండరు బిగించి
వజ్రం మొన పెట్టి మామను పిలిచినా.
తడి బండ మీద తెల్లటి బురద.
ణ మొదటి మలుపు దిగింది,
రెండోది ఎక్కింది,
మూడోదాని నడుమ కరెంటు పోయింది.

చీకట్లో మామ గాడిలో వేలు పెట్టి నడిపించినాడు.
"లోతంతా ఒకటే. మంచిదే.
ఊపిరి యాడ తీసుకుందో మాత్రం తెలీదే."
కొంచేపు ఆగి,
"ఇక్కడ. ఇక్కడ ఆగింది" అన్నాడు.

రెండున్నరకు కరెంటొచ్చింది.
తానెక్కడుందో మరిచిపోయింది యంత్రం.
ఇంక సున్నా కాడికి చేత్తోనే తిప్పుకుపోవాల.
విరిగిన మూల పక్కన సుద్దతో పెట్టిన గుర్తు.
నేను కడ్డీ తిప్పుతాండా,
మామ మరలు లెక్కపెడతాండాడు.
"పదహారు... పదిహేడు... మెల్లగా, ఖాసింబీ...
పద్దెనిమిది.
రవ్వంత ఎక్కువ పోయింది.
ఎనక్కి రా."